అలంకారం ఎక్కడుంది?

ప్రియమైన పాఠకులకు,

పోయిన ఉత్తరానికి మీరు రాసిన జవాబులన్నీ చదివాను. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్లు, పోటీ పరీక్షలకు కూర్చుంటున్నవాళ్లు, ఉద్యోగ విరమణ చేసి ఇప్పుడు తీరిగ్గా ప్రబంధాలు తెరుస్తున్నవాళ్లు ఇంచుమించు ఒకే సంగతి అడిగారు. నిర్వచనాలు నోటికొచ్చు, పద్యం ముందు పెడితే మాత్రం ఏ అలంకారమో తోచదు. ఒకవేళ తోచినా, "ఇది ఉపమ" అని రాసేశాక ఇంకేం రాయాలో తెలియదు.

ఆ రెండో ఇబ్బందే అసలైనదని నా అభిప్రాయం. పేరు పట్టుకోవడం అభ్యాసం మీద వస్తుంది. పేరు చెప్పాక ఇంకో మాట రావడం లేదంటే, అలంకారాన్ని మనం వెతకాల్సిన చోట వెతకడం లేదన్నమాట. విడి మాటల్లో వెతుకుతున్నాం. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూస్తే చెప్పవలసింది దానంతటదే వస్తుంది.

మన ఆలంకారికులకు ఈ సంగతి బాగా తెలుసు. "సూర్యుడు అస్తమించాడు" అనే చిన్న వాక్యం తీసుకోండి. భామహుడు తన 'కావ్యాలంకారం'లో ఇలాంటి మాటల్ని చూపించి, ఇదేం కావ్యం, దీన్ని వార్త అంటారు అని తోసిపుచ్చాడు. కొన్ని వందల ఏళ్లు గడిచాక, 11వ శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు 'కావ్యప్రకాశం' రాస్తూ అదే మాటను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఈసారి వ్యంజనకు, అంటే మాట వెనక మరో అర్థాన్ని స్ఫురింపజేసే శక్తికి, ఉదాహరణగా. యుద్ధానికి సిద్ధంగా ఉన్నవాడు వింటే, శత్రువు మీద పడడానికి ఇదే అదను అని అర్థం. ప్రియుణ్ణి కలవబోయే అమ్మాయితో చెలికత్తె అంటే, ఇక బయల్దేరు అని. పశువుల కాపరికి ఆవుల్ని ఇంటికి తోలమని, పనివాడికి పని చాలించమని, వర్తకుడికి సరుకు సర్దమని, సంధ్య వార్చుకునేవాడికి వేళయిందని. ఎదురుచూస్తున్న ఇల్లాలికైతే ఆయన ఇంకా రాలేదని. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. విన్నవాళ్లు మారారు.

మరి భామహుడు తప్పా? కాదు. ఎవరూ ఎవరితోనూ అనకుండా ఉత్త కాగితం మీద నిలబడ్డ వాక్యం వార్తే. ఇద్దరూ నిజమే చెప్పారు, చూసిన చోటు వేరు. నన్నడిగితే అలంకారశాస్త్రం చదవడం ఈ ఇద్దరి దగ్గర మొదలుపెట్టాలి. మన పాఠాలేమో ఉపమ లక్షణంతో మొదలవుతాయి.

ఇక్కడే అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు మాటలు కూడా తేలిగ్గా పట్టుబడతాయి. మాటకు నిఘంటువులో ఉన్న అర్థం చెప్పేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో అర్థాన్ని అందుకోవడం లక్షణ. "జాతరకు ఊరంతా కదిలింది" అంటే ఇళ్లూ బావులూ కదల్లేదు, మనుషులు కదిలారు. ఈ రెండూ తమ పని ముగించుకున్నాక ఇంకా ఏదో స్ఫురిస్తే అది వ్యంజన. మన ఇళ్లలో రోజూ వినిపించేదే. "అన్నం చల్లారిపోతోంది" అని అమ్మ అంటే అది అన్నం గురించిన సమాచారం కాదు. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన కొడుకుతో "అప్పుడే వచ్చేశావేం నాయనా" అంటే అది పలకరింపు కాదు. ఈ రెండోదాంట్లో అర్థం తిరగబడడాన్ని శాస్త్రం విపరీతలక్షణ అంటుంది, దాని వెనక స్ఫురించే దెప్పు వ్యంజన. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' అంతా రాసింది ఇలా స్ఫురించే అర్థమే కావ్యానికి ఆత్మ అని నిరూపించడానికి. అంత పెద్ద గ్రంథానికి మూలమైన శక్తి మన వంటింట్లో కూడా ఉందని తెలిస్తే, విద్యార్థికి ఆ పేరంటే భయం పోతుంది.

ఇప్పుడు అర్థాలంకారాలకు వద్దాం. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దపు అప్పయ్య దీక్షితుల 'కువలయానందం' నాటికి అవి నూరు దాటాయి. ఈ నూరూ చూసి బెదిరిపోకండి. ఆ దీక్షితులే 'చిత్రమీమాంస'లో ఒక మంచి మాట చెప్పారు. ఉపమ ఒక్కతే నటి, అనేక వేషాలు కట్టి కావ్యరంగం మీద ఆడుతుందన్నారు. అని ఊరుకోలేదు, ముఖం, చంద్రుడు అనే రెండింటినే పట్టుకుని వాక్యం మారుస్తూ పోయి అలంకారం ఎలా మారుతుందో చూపించారు. ఆ పద్ధతి కన్నా మంచి పాఠం నాకింతవరకు కనబడలేదు. ముఖాన్నీ చంద్రుణ్ణీ కాస్త విశ్రాంతి తీసుకోనిచ్చి, మనం మరో జంటతో చేసి చూద్దాం. మే నెల నల్లరేగడి చేను. నేల నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెలు, దప్పిగొన్న నోళ్లు.

"నెర్రెలు దప్పిగొన్న నోళ్లలా తెరుచుకున్నాయి." ఇది ఉపమ. నెర్రెలు ఉపమేయం, నోళ్లు ఉపమానం, తెరుచుకోవడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఒకటి తగ్గితే లుప్తోపమ. ఇక్కడ చేను చేనుగానే ఉంది, నోరు నోరుగానే ఉంది. చెబుతున్నవాడు గట్టు మీద నిలబడి రెంటినీ చూస్తున్నాడు.

"వాన కోసం చేను నోళ్లు తెరిచిందా అన్నట్టు నెర్రెలు విచ్చాయి." ఇది ఉత్ప్రేక్ష. చూసేవాడు ఊహలోకి దిగాడు. కాదని తెలుసు, అయినా అలా అనిపిస్తోంది. చేనుకు కోరిక వచ్చింది.

"నెర్రెల నోళ్లతో చేను ఆకాశాన్ని అడుగుతోంది." రూపకం. నెర్రెలే నోళ్లు. మధ్యలో 'లా' లేదు, 'అన్నట్టు' లేదు. తేడా ఉందన్న సంగతి పక్కకు పోయింది.

"చేను నిండా నోళ్లే." నెర్రె అన్న మాటే లేదు, నోరు దాన్ని మింగేసింది. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. అతిశయోక్తి అంటే ఉన్నదాన్ని పెంచి చెప్పడం ఒక్కటేనని బడిలో నేర్చుకున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి. ఉపమేయాన్ని మింగి ఉపమానం మాత్రమే నిలవడం కూడా అతిశయోక్తే.

ఇంకా పోవచ్చు. "ఇవి నెర్రెలు కావు, నోళ్లు" అంటే అపహ్నుతి. "నెర్రెలా, నోళ్లా?" అంటే సందేహం. నిజంగా నోళ్లే అనుకుని పసివాడు చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోతే భ్రాంతిమంతం.

పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఇప్పుడు మీరే వేసుకోండి. ఈ వాక్యాల్లో ఏది ఎవరి నోట రావాలి? కారులో రోడ్డు మీద పోతూ చేను చూసినవాడు ఉపమ దగ్గర ఆగుతాడు. విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని మబ్బు కోసం చూస్తున్న రైతు "చేను నిండా నోళ్లే" అంటే, ఆ నోళ్లలో అతని ఇంటివాళ్ల నోళ్లు కూడా వినిపిస్తాయి. అదే మాట దారిన పోయేవాడు అంటే ఆ బరువు రాదు. అలంకారం ఎంత పెద్దదన్నది కాదు, ఆ మనిషికి, ఆ సమయానికి తగిందా అన్నది చూడాలి. క్షేమేంద్రుడు దీన్నే ఔచిత్యం అన్నాడు. "ఇందులో రూపకం ఉంది" అని రాశాక విద్యార్థి రాయవలసిన తర్వాతి వాక్యం ఇక్కడ దొరుకుతుంది: ఈ కవి ఇక్కడ ఉపమతో ఎందుకు సరిపెట్టుకోలేదు? పద్యంలోని రూపకాన్ని మీరే ఉపమగా మార్చి చదవండి. ఏం తగ్గిందో అది రాయండి. అదే జవాబు.

గైడ్లలో చెప్పే గుర్తులను మాత్రం గుడ్డిగా నమ్మకండి. 'వలె, పోలె, లా' ఉంటే ఉపమ అని నేర్పుతారు. "నిన్నటిలాగే ఇవాళ కూడా బస్సు ఆలస్యంగా వచ్చింది" అనే వాక్యంలో 'లా' ఉంది, ఉపమ లేదు. పోల్చిన రెండూ వేరువేరు జాతివై ఉండాలి, ఆ పోలిక మనసుకు హత్తుకోవాలి. అవి లేకుండా ఉత్త ప్రత్యయం అలంకారాన్ని తేలేదు. పిల్లలు ఈ తప్పు చేస్తే దయచేసి మార్కులు తగ్గించి వదిలేయకుండా, బస్సు వాక్యాన్నీ నెర్రెల వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూపించమని ఉపాధ్యాయులను కోరుతున్నాను.

శబ్దాలంకారాల్లో తికమక పెట్టేవి శ్లేష, యమకం, లాటానుప్రాస. మొదటి రెండింటికీ ఒకే మాట పట్టుకుందాం. "ఆ అన్నదమ్ములు పాలు పంచుకున్నారు" అంటే గిన్నెలోని పాలా, ఆస్తిలోని పాలా? ఒకసారి అన్న మాటలో రెండర్థాలూ నిలిస్తే శ్లేష. "చిన్నప్పుడు పాలు పంచుకున్నారు, పెద్దయ్యాక పాలు పంచుకున్నారు" అంటే అదే మాట రెండుసార్లు, వేరే అర్థంతో వచ్చింది. యమకం. "అమ్మ చేతి ముద్దే ముద్ద" అన్నప్పుడు మాట ఒకటే, అర్థమూ ఒకటే, కానీ రెండో ముద్దలో తాత్పర్యం వేరు. అది లాటానుప్రాస.

శ్లేషను మన కవులు ఎంత దూరం తీసుకెళ్లారంటే, పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో పద్యపద్యానికీ రామాయణమూ భారతమూ రెండూ నడుస్తాయి. రామరాజభూషణుడి 'వసుచరిత్ర' శ్లేషకు పెట్టింది పేరు. ఈ కావ్యాలను కేవలం గారడీ అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అలాగని రెండర్థాలు విడదీసి చూపించడంతో వ్యాఖ్యానం అయిపోయిందంటే కూడా ఒప్పుకోను. రెండర్థాలూ ఒకదాన్నొకటి తాకుతున్నాయా అన్నది చూడాలి. పైన చెప్పిన అన్నదమ్ముల వాక్యంలో తాకుతున్నాయి. ఒకే గిన్నెలో తాగినవాళ్లు గోడ కట్టుకున్నారని ఆ ఒక్క మాటలో తెలుస్తోంది. తాకనిచోట శ్లేష ఉంటే ఉంటుంది, మనల్ని కదిలించదు.

ఛందస్సు గురించి ఈసారి కొంచెమే రాస్తాను, అది చెవితో నేర్వవలసినది. గణాలకు 'యమాతారాజభానసలగం' అనే పదక్షరాల సూత్రం చాలు. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోండి. 'యమాతా' అంటే లఘువు, గురువు, గురువు, అది యగణం. 'భానస' అంటే గురువు, లఘువు, లఘువు, అది భగణం. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు, పదో అక్షరం యతిస్థానం అని రాయడం వస్తే పరీక్ష గడుస్తుంది. పద్యం వినిపించాలంటే గట్టిగా చదవాలి. సంస్కృతంలో యతి దగ్గర గొంతు ఆగుతుంది. తెలుగులో ఆగనక్కర్లేదు, పాదం మొదటి అక్షరానికి చుట్టమైన అక్షరం అక్కడ పలకాలి. పాదానికి రెండో అక్షరంలో ప్రాస ఎలాగూ ఉంటుంది. అందుకే అర్థం తెలియని చిన్నపిల్లలు కూడా పద్యాన్ని గుర్తుపెట్టుకోగలుగుతారు. గురజాడ ముత్యాలసరాలు రాసినప్పుడు మూడు, నాలుగు మాత్రల నడకను తీసుకున్నాడు. చేత్తో తాళం వేస్తూ చదివితే ఆ నడక ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రసం గురించి చాలామంది అడిగారు. అది మరో ఉత్తరానికి తగిన విషయం. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. శోకం వేరు, కరుణరసం వేరు. శోకం స్థాయీభావం, అంటే మనసులో నిలిచి ఉండే భావం, అది కథలో పాత్రది. కరుణం మనది, చదివేవాళ్లది. సొంత ఇంట్లో వచ్చిన దుఃఖాన్ని ఎవరమూ మళ్లీ కోరుకోం. విషాదాంతమైన కథను మాత్రం చదివి ఏడ్చి, మళ్లీ తీసి చదువుతాం. ఈ తేడా తెలిస్తే "ఈ పద్యంలో కరుణరసం ఉంది" అని రాసే ముందు, పాత్ర ఏడ్చిందా మనం కరిగామా అని చూసుకుంటారు. పాత్ర వెక్కి వెక్కి ఏడుస్తున్నా మనకేమీ కాని చోట్లు సాహిత్యంలో బోలెడు. పాత్ర కంట నీటిచుక్క లేకుండానే మనం కరిగిపోయే చోట్లు తక్కువ, వాటినే గొప్పవి అంటాను.

కథలూ నవలలూ చదివేవాళ్లకు వేరే పరిభాష ఉంది: దృష్టికోణం, ప్రతీక, భావచిత్రం, శిల్పం, చైతన్యస్రవంతి. ఇవి ఇరవయ్యో శతాబ్దంలో మనకు బాగా వాడుకలోకి వచ్చినవి. వీటి దగ్గర కూడా అదే పరీక్ష పనికొస్తుంది. మార్చి చూడడం.

1910లో అచ్చయిన గురజాడ 'దిద్దుబాటు' మీలో చాలామంది చదివే ఉంటారు. మేజువాణీ చూసి అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు. ఆమె రాసిన ఉత్తరం మాత్రం దొరుకుతుంది. కథంతా అతని వెంటే నడుస్తుంది. అతనికి తెలిసినంతే మనకు తెలుస్తుంది. కంగారు, కోపం, పశ్చాత్తాపం అన్నీ అతనితో పాటే మనకూ. కమలిని ఇంట్లోనే, మంచం కిందే ఉందన్న సంగతి చివర్లో అతనితో పాటు మనమూ తెలుసుకుంటాం. ఇదే కథను కమలిని చెబుతోందనుకోండి. మంచం కింద నుంచి నవ్వు ఆపుకుంటూ మొగుడి పాట్లు చూసే కథ అవుతుంది. సరదాగానే ఉంటుంది. కానీ గోపాలరావు తనను తాను తిట్టుకుంటున్నప్పుడు మనకు కలిగే బాధ అందులో ఉండదు, ఆ దిద్దుబాటు మనలోకి రాదు. దృష్టికోణం అనే మాటకు ఉన్న ప్రయోజనమంతా ఈ తేడాలోనే ఉంది. "కథ గోపాలరావు దృష్టికోణంలో సాగింది" అని రాసి ఊరుకున్న విద్యార్థికి ఈ రెండో కథను ఊహించమని చెప్పి చూడండి, పేజీ నిండా రాస్తాడు.

పాత్ర తలలో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టు రాసే చైతన్యస్రవంతి సంగతీ అంతే. నవీన్ 'అంపశయ్య' విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. అందులో జరిగిందేమిటని అడిగితే పెద్దగా చెప్పడానికేమీ లేదు. చదువు, డబ్బు, స్నేహితులు, పరీక్షలు, ఊరు అన్నీ ఒకదానిమీద ఒకటి అతని తలలో తోసుకుంటూ వస్తాయి. ఆ రోజును క్రమంగా, ఉదయం ఇది, మధ్యాహ్నం అది అని చెప్పుకుపోతే రవి ఎందుకంత నలిగిపోతున్నాడో మనకు అంతుపట్టదు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయాలూ ఇలా లోపలి నుంచి వస్తేనే మనల్ని పట్టుకుంటాయి.

చివరగా మిమ్మల్ని ఒకటి అడగాలి. అడిగే ముందు ఒక సంగతి చెబుతాను. మన గోదావరి సీమలోని ముంగండ మూలాలున్న తెలుగువాడు జగన్నాథ పండితరాయలు, 17వ శతాబ్దంలో షాజహాన్ కొలువులో వెలిగినవాడు. అప్పయ్య దీక్షితుల 'చిత్రమీమాంస'ను ఖండిస్తూ ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఉపమకు హద్దు ఎక్కడ గీయాలన్నది ఆ రోజుల్లో అంత పట్టుదలగా వాదించుకున్న విషయం. మన చేతిలో ఉన్న నిర్వచనాలు ఎవరో రాళ్ల మీద చెక్కి పెట్టినవి కావు. ఆ పండితరాయలు 'రసగంగాధరం' రాసేటప్పుడు ఉదాహరణలు ఎవరి దగ్గరా తెచ్చుకోలేదు, అన్నీ తానే రచించుకున్నాడు, ఆ సంగతి గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

మీరూ అలాగే చేయండి. ఈ నెలంతా మీ ఇంట్లో, పొలంలో, ఆఫీసులో, బస్టాండులో వినిపించే మాటల్లో ఒక్కటి పట్టుకోండి. ఎవరు ఎవరితో అన్నారో రాయండి. అది ఉపమో, శ్లేషో, విపరీతలక్షణో తేల్చండి. తర్వాత ఆ మాటను అలంకారం తీసేసి మామూలుగా మార్చి రాసి, ఏం పోయిందో రెండు వాక్యాల్లో చెప్పండి. పేరు తేల్చలేకపోతే ఆ మాట మాత్రమే పంపినా చాలు, అందరం కలిసి ఆలోచిద్దాం. శ్రీకాకుళం వాళ్ల మాటలు, అనంతపురం వాళ్ల మాటలు, కరీంనగర్, పాలమూరు వాళ్ల మాటలు, దుబాయి నుంచీ డల్లాస్ నుంచీ రాసేవాళ్ల ఇళ్లలో పిల్లలతో అనే మాటలు అన్నీ కావాలి. వచ్చే ఉత్తరం వాటితోనే రాస్తాను. ఎదురుచూస్తుంటాను, తప్పక రాయండి.

ఇట్లు,
మీ ఆత్మీయ సంపాదకుడు